కుడి డొక్కలో దాక్కున్న జ్వరం

మన్యంలో జ్వరమంటే ముందు గుర్తొచ్చేది మలేరియా. ఆ లెక్కకు అందకుండా, కాలేయంలో గడ్డగా పెరిగే జ్వరం ఇంకొకటి ఉంది. పది నిమిషాల స్కానింగ్‌లో కనిపిస్తుంది, చవకైన మాత్రకు లొంగుతుంది. అరకు, పాడేరు కొండల్లో మాత్రం రోగికీ ఆ పది నిమిషాలకూ మధ్య ఒక ఘాట్ రోడ్డంత దూరం ఉంది.

గదిలో లైటు ఆర్పేశారు. బల్ల మీద పడుకున్న మనిషి చొక్కా పైకి జరిపి, కుడి పక్కటెముకల మీద జెల్ రాశారు. ఆ చల్లదనానికి ఒళ్ళు జలదరించింది. "గట్టిగా గాలి పీల్చు బాబూ... ఆపు... అలాగే ఉంచు." పీల్చిన గాలికి ఊపిరితిత్తి నిండి, దాని అడుగునున్న కాలేయం రెండు వేళ్ళ మేర కిందికి జరిగింది. పక్కటెముకల సందులో ఆనించిన స్కానింగ్ ప్రోబ్‌ను డాక్టరు కొద్దిగా వంచి, భుజం వైపు చూసేలా తిప్పారు.

తెర మీద కాలేయం బూడిదరంగు గోనెగుడ్డలా ఉంది. సన్నటి నేత, మధ్య మధ్య రక్తనాళాల నల్లటి చారలు. ప్రోబ్ ఇంకాస్త వంగేసరికి ఆ నేత ఒకచోట తెగిపోయింది. బత్తాయికాయంత గుండ్రటి నలుపు. కటిక నలుపు కాదది, లోపల మసకమసకగా సన్నటి చుక్కలు తేలుతున్నాయి. అంచున గట్టి గోడంటూ ఏమీ లేదు. దాని వెనకభాగం మాత్రం చుట్టుపక్కల కన్నా తెల్లగా మెరుస్తోంది. ధ్వని తరంగాలు గట్టి కండలోంచి వెళ్ళేటప్పుడు శక్తి కోల్పోతాయి, ద్రవంలోంచి వెళ్ళేటప్పుడు పెద్దగా కోల్పోవు. అందుకే ద్రవం నిండిన గడ్డ వెనక ఎప్పుడూ ఆ తెల్లటి మెరుపు ఉంటుంది. చూపు తిరిగిన డాక్టరుకు నలుపు కన్నా ముందు ఆ మెరుపే కంట్లో పడుతుంది.

ఇది ఏ ఒక్క ఆసుపత్రిలోనో ఏ ఒక్క రోజునో జరిగింది కాదు. కాలేయంలో అమీబా గడ్డ బయటపడే ప్రతిచోటా కాస్త అటూ ఇటూగా ఇదే దృశ్యం. ఆ బల్ల మీది మనిషికి పేరు పెట్టడం లేదు. ముంచింగిపుట్టు అవతల ఒడిశా సరిహద్దు కొండవాలున అతని ఊరనుకుందాం. వయసు ముప్పై అయిదు. ఇలాంటి రోగులందరి లక్షణాలూ కలిపితే వచ్చే మనిషి అతను. ఆ బల్ల దాకా రావడానికి అతనికి మూడు వారాలు పట్టింది. ఈ జబ్బులో అసలు కథ ఆ మూడు వారాలదే.

బల్ల ఒక పక్క, గడ్డ ఒక పక్క

మొదట చలీ జ్వరం. మన్యంలో ఈ రెండు మాటలు కలిసి వినిపిస్తే ఆశా కార్యకర్త చేసే మొదటి పని వేలికొసన సూది గుచ్చి మలేరియా కిట్ మీద రక్తపు చుక్క వేయడం. సరైన పనే. పాడేరు ఐటీడీఏ కింది పదకొండు మండలాల్లో మలేరియా తీసుకున్న ప్రాణాలు ఎన్నో. ఆ భయమే అక్కడి వైద్యాన్ని ఇన్నేళ్ళూ నడిపించింది. కిట్ మీద ఒక్క గీతే వచ్చింది, అంటే మలేరియా లేదు. పారాసెటమాల్ ఇచ్చారు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి జ్వరం మళ్ళీ వచ్చింది, రాత్రిళ్ళు చెమటలు పోశాయి. తరవాత టైఫాయిడ్ అనుకుని విడాల్ పరీక్ష. ఆ పరీక్ష సందేహానికి సందేహమే జవాబుగా ఇచ్చే రకం. ఈలోగా ఇంట్లో పసరు మందు, ఒక మేకపిల్ల మొక్కు.

అప్పటికి కుడి డొక్కలో సలుపు మొదలైంది. దగ్గితే పోటు. ఆ పక్కకు ఒత్తిగిల్లి పడుకోలేడు. పెద్దవాళ్ళు చెప్పే ఒక గుర్తు ఇక్కడ పనికొచ్చేది. పాత మలేరియా మనిషికి కడుపులో 'బల్ల' పెరుగుతుందని తెలుగువాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. ప్లీహం ఉబ్బడమే అది. అది ఎడమ పక్క. కుడి పక్క నొప్పితో వచ్చే జ్వరం వేరే కథ చెబుతోందని అప్పుడే అనుమానించాలి.

ఇంకో గుర్తు ఉంది, అది మోసం చేసే గుర్తు. కుడి భుజం నొప్పి. కాలేయం పైభాగాన గడ్డ పెరిగితే దాని మీద పందిరిలా పరుచుకున్న ఉదరవితానం ఒరుసుకుంటుంది. ఆ పొరకూ భుజం మీది చర్మానికీ మెడ దగ్గర ఒకే చోట పుట్టే నరాలున్నాయి. మంట లోపల, నొప్పి భుజాన. మైదానంలో ఆఫీసు పని చేసుకునే మనిషికి ఉన్నట్టుండి భుజం నొప్పి వస్తే ఎవరైనా ఆలోచిస్తారు. కావడి మోసే మనిషి, కట్టెల మోపు ఎత్తే మనిషి కుడి భుజం లాగేస్తోందంటే ఎవరు పట్టించుకుంటారు? అతనే పట్టించుకోడు.

వీటికి తోడు ఈ గడ్డ ఒక్కోసారి ఊపిరితిత్తి అడుగున నీరు చేరుస్తుంది. ఎక్స్‌రే తీస్తే కుడి వైపు ఉదరవితానం పైకి లేచి ఉంటుంది, మూలన తెల్లగా నీరు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఛాతీలో నీరు కలిసి కనిపిస్తే మన దేశంలో ఎవరి మనసైనా క్షయ వైపే పోతుంది. కామెర్లు ఉంటే కాలేయం గుర్తొచ్చేది, చాలామందిలో అవి రావు. బంక విరేచనాలు ఉంటే అమీబా గుర్తొచ్చేది, గడ్డ బయటపడే నాటికి మూడింట రెండొంతుల మందికి పైగా విరేచనాలే ఉండవు. పేగుల్లో గొడవ జరిగి చల్లారి, కొన్ని వారాలో నెలలో గడిచాక కాలేయంలో చిచ్చు రేగుతుంది. ఎప్పుడో వానాకాలంలో నాలుగు రోజులు కడుపు పాడైన సంగతి ఏ రోగి గుర్తుపెట్టుకుని చెబుతాడు?

యంత్రం లేని చోట కూడా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. కుడి పక్కటెముకల సందుల్లో ఒక్కో చోటా చూపుడువేలి కొసతో మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. గడ్డ ఉన్న చోటికి వేలు రాగానే రోగి ముఖం మారిపోతుంది. వేలికొసంత జాగాలోనే ఆ నొప్పి. పాత తరం డాక్టర్లు ఈ ఒక్క గుర్తుతో మందు మొదలుపెట్టేవారు. కొత్తగా కొండల్లో పోస్టింగు వచ్చిన ప్రతి యువ డాక్టరుకూ, ప్రతి నర్సుకూ ఈ వేలికొస పరీక్ష నేర్పాలన్నది నా గట్టి కోరిక. దానికి కరెంటు అక్కర్లేదు.

గెడ్డ నీటి నుంచి కాలేయం దాకా

దీనికి కారణమైన జీవి పేరు ఎంటమీబా హిస్టోలిటికా. ఒకే కణం. గుడ్డులాంటి తొడుగులో ఉన్నప్పుడు దాని అడ్డుకొలత మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త ఎక్కువ. ఆ తొడుగుతో తడినేలలో, నీటిలో వారాల తరబడి బతుకుతుంది. మనిషి మలంలోంచి నీటిలోకి, నీటిలోంచి మళ్ళీ మనిషి నోట్లోకి. మధ్యలో దోమా లేదు, పశువూ లేదు. నీళ్ళ ట్యాంకులో మామూలుగా కలిపే క్లోరిన్‌కు అది చావదు. మరిగిస్తే చస్తుంది.

కొండ ఊళ్ళలో తాగునీరు ఊట నుంచో గెడ్డ అనే కొండవాగు నుంచో వస్తుంది. పై ఊరి కళ్ళాలు, పొలాలు, బహిర్భూమి అన్నీ దాటి వచ్చిన నీరే కింది ఊరికి అందుతుంది. వానాకాలంలో ఎర్రనీటితో పాటు ఏమేం దిగి వస్తాయో కంటికి కనిపించదు. ఊట పుట్టిన చోటే చుట్టూ కట్టి, మూత వేసి, గొట్టంతో వాలుకు దించుకునే పథకాలు కొన్ని ఊళ్ళలో ఉన్నాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, నీరు తనంతట తానే దిగుతుంది. కొండకు ఇంతకన్నా తగిన మందు నాకు తెలియదు. నీళ్ళు కాచుకోండని చెప్పడం తేలిక. కాచడానికి కట్టెలు కావాలి, ఆ కట్టెలు తెచ్చేది ఆడవాళ్ళు.

ఇదేదో కొండవాళ్ళకే పరిమితమైన జబ్బు అనుకునేవాళ్ళు 1933 నాటి చికాగో సంగతి తెలుసుకోవాలి. ప్రపంచ ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్ళు దిగిన పెద్ద హోటళ్ళలో మురుగు గొట్టం నీరు తాగునీటి గొట్టంలో కలిసింది. వెయ్యిమందికి పైగా అమీబా బారిన పడ్డారు, పదుల సంఖ్యలో చనిపోయారు. గొట్టం ఎక్కడ పగిలితే అక్కడికి వస్తుందిది.

మింగిన ప్రతివాళ్ళకూ జబ్బు చేయదు. నూటికి తొంభైమందిలో అమీబా పేగుల్లో ఊరికే ఉండి వెళ్ళిపోతుంది. మిగిలినవాళ్ళలో పేగు గోడను తొలుస్తుంది. నూటికి ఒకరికన్నా తక్కువమందిలో ఆ పుండులోంచి రక్తంలోకి దిగి, పేగుల నుంచి కాలేయానికి వెళ్ళే పెద్ద సిరలో కొట్టుకుపోతుంది. ఆ సిరలో కుడివైపు పేగు నుంచి వచ్చే రక్తం ఎక్కువగా కాలేయపు కుడిభాగానికే పారుతుందని, అమీబా పుండ్లు ఎక్కువగా కుడివైపు పేగులోనే ఉంటాయని వైద్యులు చెబుతారు. గడ్డ పదిమందిలో ఏడెనిమిదిమందికి కుడి భాగంలోనే రావడానికి కారణం ఇదే.

కాలేయంలో అది చేసే పని భయంకరం. హిస్టోలిటికా అంటేనే కణజాలాన్ని కరిగించేది అని అర్థం. అమీబా మన కణాలను చంపాక మింగుతుందని చాలాకాలం అనుకున్నారు. 2014లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద వేరే దృశ్యం చూశారు. బతికున్న కణాన్నే అది ముక్క ముక్కగా కొరుకుతోంది. కొరికిన కణం కాసేపటికి చస్తోంది. జామకాయను చిలుక కొరికి వదిలేసినట్టు. అలా కరిగిపోయిన కాలేయమే గడ్డలోని ద్రవం. మనం చీము అంటాం గానీ నిజానికి అది చీము కాదు. సూదితో లాగితే చాక్లెట్ రంగులో, చిక్కగా, వాసన లేకుండా వస్తుంది. వాసన లేకపోవడమే ఒక గుర్తు, బాక్టీరియా గడ్డ తరచూ కుళ్ళు కంపు కొడుతుంది. ఆ ద్రవంలో అమీబా కోసం వెతికితే ఎక్కువసార్లు దొరకదు. అది తిన్నచోట ఉండదు, గడ్డ అంచున తాజా కాలేయం దగ్గర ఉంటుంది. అందుకే సూదితో తీసేటప్పుడు చివరగా వచ్చిన నాలుగు చుక్కలనే సూక్ష్మదర్శిని కింద పెట్టమంటారు.

మద్రాసు నుంచి డర్బన్ దాకా

జబ్బు కొత్తది కాదు. ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే మద్రాసు ఆసుపత్రుల్లో పనిచేసిన సర్జన్ జేమ్స్ అన్నెస్లీ, రక్త విరేచనాలతో బాధపడ్డ సైనికుల్లో కాలేయపు గడ్డలు వస్తున్నాయని గమనించి 1828లో పుస్తకంలో రాశాడు. ఆ రెంటినీ కలిపే జీవి మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ రోగి మలంలో అమీబాను చూశాడు. 1890లో విలియం ఆస్లర్ బాల్టిమోర్‌లో ఒక రోగి కాలేయపు గడ్డ ద్రవంలో దాన్ని కనిపెట్టాడు. 1903లో ఫ్రిట్జ్ షౌడిన్ దానికి హిస్టోలిటికా అని పేరు పెట్టాడు.

అప్పట్లో గడ్డను కత్తితో తెరిచేవారు. తెరిచిన చోట బాక్టీరియా చేరి రోగులు చనిపోయేవారు. కలకత్తాలో పనిచేసిన లియొనార్డ్ రోజర్స్ తెరవకుండా సూదితో లాగడం మేలని వాదించి, 1912లో ఎమెటిన్ ఇంజెక్షన్‌ను వాడుకలోకి తెచ్చాడు. అది పనిచేసింది గానీ గుండె మీద దెబ్బ కొట్టేది. రోగిని మంచం దిగనివ్వకుండా చూసుకోవలసి వచ్చేది. చాలాకాలం పాటు అదే దిక్కు.

మార్పు దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చింది. 1860లో మద్రాసు ఓడలో మన తెలుగు కూలీలు చెరుకు తోటల కోసం దిగిన ఊరది. 1966లో అక్కడి పావెల్, ఎల్స్‌డన్-డ్యూ తదితరులు మెట్రోనిడజోల్ మాత్రతో అమీబా విరేచనాలూ కాలేయపు గడ్డా రెండూ తగ్గుతున్నాయని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఇవాళ ప్రతి మందుల షాపులోనూ దొరికే ఆ చేదు మాత్రే ఈ జబ్బును చావు జాబితాలోంచి తీసేసింది. మందు అంత తేలికయ్యాక మిగిలిన కష్టమల్లా కనిపెట్టడంలోనే.

చూపుకున్న హద్దులు

మొదట చూసిన ఆ స్కానింగ్ అల్ట్రాసౌండ్. దాని పుట్టుక యుద్ధాలతో, ఓడల ఉక్కుతో ముడిపడింది. లోహంలో పగుళ్ళు వెతికే యంత్రాన్ని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ మనిషి కడుపు మీద పెట్టి చూసి, 1958లో ఆ బొమ్మలు అచ్చువేశాడు. కాలేయపు గడ్డకు అంతకన్నా అనువైన పనిముట్టు లేదు. కాలేయం పెద్దది, చర్మానికి దగ్గరగా ఉంటుంది, గాలి అడ్డురాదు. గడ్డలు నూటికి తొంభై దాకా దీనిలోనే దొరుకుతాయి.

దొరకని పదీ ఎందుకు దొరకవో తెలిస్తేనే దీనితో పని. మొదటి రోజుల్లో గడ్డ ఇంకా కరగదు. వాచిన కాలేయం కాలేయంలాగే ఉంటుంది, లేదా గట్టి కంతిలా కనిపించి క్యాన్సర్ అని భయపెడుతుంది. మూడో రోజు తీసిన స్కానింగ్ బాగానే ఉందని రోగిని కొండకు పంపేస్తే, వారం తరవాత అదే కాలేయంలో బత్తాయికాయంత గడ్డ ఉండొచ్చు. అనుమానం ఉంటే నాలుగైదు రోజుల్లో మళ్ళీ చూడాలి. విశాఖలో ఉండే మనిషికి మళ్ళీ రావడం ఆటో ఎక్కడంతో సరి. ముంచింగిపుట్టు మనిషికి 'మళ్ళీ రా' అంటే మళ్ళీ రెండు రోజుల కూలీ, మళ్ళీ జీపు ఖర్చు. చాలామంది రారు.

ఇంకొకటి, కాలేయం నడినెత్తిన పుట్టే గడ్డ. అది పక్కటెముకల కింద, ఊపిరితిత్తి చాటున ఉంటుంది. కింద నుంచి చూసి కాలేయం బాగుందని రాసేస్తే అది జారిపోతుంది. గాలి పీల్పించి ఆపించడం, ఎడమ పక్కకు ఒత్తిగిలించి పక్కటెముకల సందుల్లోంచి చూడటం అందుకే. మనం మొదట చూసిన ఆ రెండు నిమిషాల ఓపిక లేకపోతే గడ్డ దొరికేది కాదు. సీటీ స్కాన్‌కు ఈ చాటు లేదు. గడ్డ చుట్టూ మెరిసే అంచు, దాని బయట వాపు పట్టీ రెండూ అందులో స్పష్టంగా కనిపిస్తాయి. గడ్డ పగిలిందా, గుండె పొరకు దగ్గరగా ఉందా అన్న ప్రశ్నలకు సీటీ కావాలి. మామూలు గడ్డకు అక్కర్లేదు.

బొమ్మ చెప్పలేనిది ఒకటుంది. నల్లటి గుండ్రం అమీబాదా, బాక్టీరియాదా? పెద్ద వయసు, షుగరు, పిత్తాశయంలో రాళ్ళు, ఒకటికి నాలుగు గడ్డలు ఉంటే బాక్టీరియా వైపు మొగ్గుతారు. పడుచు మగవాడు, కుడి భాగంలో ఒకే గడ్డ అయితే అమీబా వైపు. అమీబా మీద శరీరం తయారుచేసే యాంటీబాడీల పరీక్ష పదిమందిలో తొమ్మిదిమందికి పాజిటివ్ వస్తుంది, కానీ మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు. పైగా అమీబా తిరిగే ఊళ్ళలో పాత ఇన్ఫెక్షన్ తాలూకు యాంటీబాడీలు ఏళ్ళ తరబడి మిగిలి ఉంటాయి. మల పరీక్షలో అమీబా దొరికినా తేలదు. అచ్చం దీనిలాగే ఉండే ఎంటమీబా డిస్పార్ అనే అమాయకపు జీవి ఒకటుందని 1993లో ఖరారైంది, సూక్ష్మదర్శినిలో రెంటికీ తేడా తెలియదు. చివరికి డాక్టరు చేసేది రెంటికీ కలిపి మందు మొదలుపెట్టి, మూడు రోజులు జ్వరాన్ని చూడటం. మెట్రోనిడజోల్‌కు అమీబా గడ్డ జ్వరం మూడు రోజుల్లో దిగుతుంది. 

సూది గుచ్చే ముందు ఇంకో జబ్బు గుర్తుండాలి. కుక్కలకూ గొర్రెల మందలకూ మధ్య తిరిగే బద్దెపురుగు వల్ల కాలేయంలో నీటితిత్తి పెరుగుతుంది. హైడాటిడ్ అంటారు. మన రాష్ట్రంలో కర్నూలు వైపు డాక్టర్లకు ఇది దశాబ్దాలుగా పరిచయం. దాని లోపల చిన్న చిన్న తిత్తులు దానిమ్మగింజల్లా పేర్చి ఉంటాయి, చుట్టూ స్పష్టమైన గోడ ఉంటుంది. జాగ్రత్తలు తీసుకోకుండా దాన్ని పొడిస్తే లోపలి నీరు కారి ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు, పురుగు పొట్టంతా చల్లుకోవచ్చు. గోడ లేని మసక గుండ్రానికీ, గోడ ఉన్న తిత్తుల మూటకూ తేడా తెలిసిన కన్ను ఉండాలి.

జీలుగు కల్లు మాట

అమీబా గడ్డ ఆడవాళ్ళ కన్నా మగవాళ్ళలో ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. ఇరవై నుంచి నలభై అయిదేళ్ళ వయసు, అంటే ఇంటి బరువు మోసే వయసు. మగ హార్మోను రోగనిరోధక శక్తిని కొంత అణచడం ఒక కారణమని ఎలుకల మీద ప్రయోగాలు చెబుతున్నాయి. రెండోది మద్యం. శ్రీలంకలోని జాఫ్నా ప్రాంతంలో తాటికల్లు తాగే మగవాళ్ళలోనే ఈ గడ్డలు ఎక్కువని అక్కడి పరిశోధకులు చూపించారు.

మన కొండల్లో అది జీలుగు కల్లు. ఈ మాట రాయగానే తాగుబోతుల జబ్బు అనే ముద్ర పడుతుందని నాకు భయం. జీలుగు చెట్టు కొండ ఇళ్ళలో ఆస్తి, కల్లు పండగలోనూ పనిలోనూ భాగం. అయినా డాక్టరు ఈ సంగతి అడిగి తీరాలి. మెట్రోనిడజోల్ వేసుకున్న మనిషి కల్లు తాగితే వాంతులు, గుండె దడ, ముఖం కందిపోవడం జరుగుతాయని మందుల పుస్తకాలన్నీ హెచ్చరిస్తాయి. ఎందుకో చెప్పకుండా మాత్రలిచ్చి పంపితే అతను వదిలేసేది కల్లునా, మాత్రనా? మాత్ర పడలేదంటాడు, మూడో రోజుకే ఆపేస్తాడు. "ఈ పదిరోజులూ కల్లు ముట్టకు, ముడితే వాంతులవుతాయి, మందు తప్పు కాదది" అని అతని భాషలో చెప్పే మనిషి కావాలి. కువి, ఆదివాసీ ఒడియా, గదబ మాట్లాడే ఊళ్ళలో తెలుగు చీటీ చాలదు.

కిందికి దించడం

కొండల్లో ఒక మాట వాడతారు, 'కిందికి దించారు' అని. రోగిని విశాఖ కేజీహెచ్‌కు తీసుకెళ్ళడమని అర్థం. 1923లో తెరిచిన ఆ ఆసుపత్రే ఈ కొండలన్నిటికీ చివరి మెట్టు. అరకు నుంచి విశాఖ 110 కిలోమీటర్లకు పైనే. రోడ్డు లేని ఊరి నుంచి అయితే ముందు డోలీ. కర్ర, దుప్పటి, మార్చుకుంటూ మోసే మనుషులు. కాలేయంలో పగలడానికి సిద్ధంగా ఉన్న గడ్డతో ఉన్న మనిషికి ఆ కుదుపు ప్రతి అడుగునా తెలుస్తుంది. గడ్డ కడుపులోకి పగలొచ్చు, ఛాతీలోకి పగలొచ్చు. ఎడమ భాగపు గడ్డ అయితే గుండె చుట్టూ ఉన్న పొరలోకి పగలొచ్చు, అది అన్నిటికన్నా ప్రమాదం.

కొండల్లో వైద్యం ఏమీ మారలేదని అంటే అన్యాయం. అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది, 2024లో పాడేరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. సన్నటి దారుల్లో వెళ్ళే బైక్ అంబులెన్సులు వచ్చాయి. మిగిలిన దూరం స్కానింగ్ యంత్రానికీ ఊరికీ మధ్యది.

యంత్రం ఇప్పుడు అరచేతిలో ఇమిడేంత చిన్నదైంది. ఫోనుకు తగిలించి చూసే ప్రోబ్‌లు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో హ్లబీసా అనే మారుమూల ఆసుపత్రిలో రేడియాలజిస్టులు కాని డాక్టర్లకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, క్షయ ఆనవాళ్ళను అల్ట్రాసౌండ్‌తో వెతకడం నేర్పారు. అన్ని ప్రశ్నలూ అడగరు, నాలుగైదు ప్రశ్నలకే జవాబు వెతుకుతారు. మనకు కావలసింది ఇంకా చిన్నది. కుడి కాలేయంలో గుండ్రటి నలుపు ఉందా, లేదా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్చుకోగలరు.

అడ్డం యంత్రం ధర ఒక్కటే కాదు, చట్టం కూడా. ఆడపిల్లలను గర్భంలోనే చంపేయకుండా 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేయాలి, ఎవరు వాడతారో చెప్పాలి. చేతిలో పట్టుకుపోయే యంత్రాల మీద 2012లో నిబంధన ఇంకా బిగించారు. నమోదైన ఆసుపత్రి ఆవరణ లోపల ఉన్న రోగులకు వాడాలి, లేదా ఇతర వైద్య సేవలన్నీ ఇచ్చే సంచార వైద్య వాహనంలో భాగంగా వాడాలి. ఆ చట్టం అవసరం, దాన్ని సడలించమని నేను అడగను. ఎందరో ఆడపిల్లల ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. కానీ సంచార వాహనం గురించిన ఆ రెండో మాట తలుపు తెరిచే ఉంచింది. కొండ దారుల్లో తిరిగే ప్రభుత్వ వైద్య వాహనంలో నమోదైన యంత్రం ఒకటి, దాన్ని వాడటానికి చట్టం చెప్పిన శిక్షణ పొందిన డాక్టరు ఒకరు, సంత రోజున సంత దగ్గర. వారానికొకసారి పది ఊళ్ళ మనుషులు తమంతట తామే దిగివచ్చే చోటది. తగ్గని జ్వరం, కుడి డొక్క నొప్పి ఉన్నవాళ్ళు ఆ వాహనం దగ్గరికి వెళ్ళాలని ఆశా కార్యకర్తకు తెలిస్తే, మూడు వారాలు ఒక వారమవుతుంది.

మళ్ళీ ఆ బల్ల దగ్గరికి

మన మనిషికి సూది అవసరం పడలేదు. గడ్డ చాలా పెద్దదైతేనో, పగిలేలా ఉంటేనో, ఎడమ భాగంలో ఉంటేనో, మందుకు నాలుగైదు రోజుల్లో లొంగకపోతేనో సూది వేస్తారు. మూడో రోజున జ్వరం దిగింది. నాలుగో రోజున చోడి అంబలి అడిగాడు. వారం దాటాక మళ్ళీ జెల్ రాసి చూస్తే తెర మీద నల్లటి గుండ్రం దాదాపు అంతే ఉంది.

ఇక్కడే చాలామంది కంగారు పడతారు. మందు పనిచేయలేదని మార్చేస్తారు, అక్కర్లేని సూది వేస్తారు. మనిషి బాగుపడ్డాక కూడా కాలేయంలో ఆ ఖాళీ పూడటానికి నెలలు పడుతుంది, కొందరిలో ఏడాది దాకా. అప్పుడు చూడవలసింది తెరను కాదు, మనిషిని. ఆకలేస్తోందా, ఆ పక్కకు ఒత్తిగిల్లి నిద్రపోతున్నాడా, వేలికొసతో నొక్కితే ముఖం చిట్లిస్తున్నాడా?

ఇంటికి పంపేటప్పుడు ఒక పని తరచూ మరిచిపోతారు. మెట్రోనిడజోల్ కాలేయంలోని అమీబాను చంపుతుంది గానీ పేగుల్లో తొడుగు కట్టుకుని ఉన్నదాన్ని పూర్తిగా వదిలించలేదు. దానికి డైలాక్సనైడ్ అనే వేరే మాత్ర, రోజుకు మూడు చొప్పున పదిరోజులు వేసుకోవాలి. అది లేకుండా పంపితే గడ్డ తగ్గిన మనిషే మళ్ళీ తన గెడ్డలోకి దాన్ని మోసుకుపోతాడు, అతనికే తిరగబెట్టనూ వచ్చు.

డిశ్చార్జి చీటీ, ఎక్స్‌రే కవరు, ఇంకా ముప్పై మాత్రలు. నర్సు ఒక్కో మాత్రా చూపించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అతని భార్య చేత మూడుసార్లు చెప్పించింది. ఆమె ఆ మాత్రలను చీరకొంగున ముడివేసుకుంది. బస్సు ఎక్కేముందు అతను కావడి మోసే కుడి భుజాన్ని ఒకసారి పైకెత్తి, తిప్పి చూసుకున్నాడు. నొప్పి లేదు.